పద్నాలుగో నంబరు ఇంటి దండెం

ఆదివారం పొద్దున పది గంటలకి ఫెర్రీ రేవు దగ్గర నిలబడి, డబ్బున్నవాళ్ళకి లేనితనం గురించి చెప్పడం నా పని. పదకొండేళ్ళుగా చెబుతున్నాను. టారెంట్ పాయింట్‌లో పుట్టి, టారెంట్ పాయింట్‌లోనే ముసలిదాన్నై, ఇల్లు అమ్ముకోకుండా మిగిలింది నేనొక్కదాన్నే. అందుకని చరిత్ర సంఘం వాళ్ళు నా మెడలో ఒక కార్డు వేలాడదీసి, దాని మీద 'డల్సీ హానన్, స్థానిక చరిత్రకారిణి' అని రాశారు. పద్నాలుగేళ్ళకి బడి మానేసి సబ్బు ఫ్యాక్టరీలో సబ్బులకి కాగితాలు చుట్టిన దాన్ని, చరిత్రకారిణినట! మా నాన్న బతికుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

అయినా నేను బాగా చెబుతాను. ఆ మాట దాచుకోను. సిడ్నీ నడిబొడ్డు నుంచి పడవలో పది నిమిషాలు, మూడు పక్కలా నీళ్ళు, గుట్ట మీద నుంచి నీళ్ళలోకి దిగే ఆరు వీధులు, అంతే మా పాయింట్. సబ్బు ఫ్యాక్టరీలో కొవ్వు మరిగించిన రోజు ఎవరికీ తిండి సయించేది కాదు. కరెంటు కేంద్రం బూడిద ఉతికిన దుప్పట్ల మీద పడి, ఉతికినవాళ్ళ ఉసురు తీసేది. ఇప్పుడు కొవ్వు మరిగిన చోట అద్దాల మేడలు, ఒక్కో వాటా ధర వింటే నాకు దగ్గొస్తుంది. ఈ మాట అనగానే, నా వెంట వీధులు చూసే నడకకి వచ్చినవాళ్ళు నవ్వుతారు. ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ 'అయ్యో' అంటారో నాకు కంఠతా వచ్చు. అన్నిటికన్నా ఎక్కువ నవ్వేది క్యాప్‌స్టన్ వీధిలో పద్నాలుగో నంబరు ఇంటి ముందు.

బుధవారం నాడు జూలియన్ ఫోన్ చేశాడు. జూలియన్ చరిత్ర సంఘానికి కార్యదర్శి, పద్నాలుగో నంబరు ఇంటికి ఇప్పటి యజమాని. వకీలు. మనిషి మంచివాడే, చెడ్డవాడైతే నాకు ఇంత ఇబ్బంది ఉండేది కాదు.

"డల్సీ గారూ, ఇత్తడి పలక వచ్చేసిందండీ! ధగధగా మెరిసిపోతోంది. ఈ ఆదివారం మీ నడకలోనే మా గోడకి బిగించేద్దాం. మీరు రాసిచ్చిన మాటల్లో ఒక్క అక్షరం మార్చలేదు."

నేను రాసిచ్చిన మాటలు ఇవి: 'ఈ ఇంట్లో బెర్ట్ టాన్సీ కుటుంబం ఉండేది. 1954 రేవు సమ్మెలో అతను తోటివాళ్ళకి ద్రోహం చేసి పనికి వెళ్ళినందుకు, వీధి వీధంతా ఈ ఇంటివాళ్ళతో తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు.' ద్రోహి పేరు సొంత గుమ్మానికి తగిలించుకోవడం జూలియన్‌కి ఎంత ముచ్చటో! నిజమైన పాత ఇంట్లో ఉంటున్నట్టు అనిపిస్తుందట.

"ఇంకో విశేషం వినండి," అన్నాడు. "ఈసారి పేరిచ్చినవాళ్ళలో రోమా టాన్సీ అని ఒకావిడ ఉంది. ఆ టాన్సీల తాలూకు మనిషేనంటారా? అయితే భలే ఉంటుంది కదండీ!"

"ఏమో," అన్నాను.

ఏమో ఏమిటి, నా మొహం! రోమా టాన్సీ నా స్నేహితురాలు. బడిలో ఇద్దరిదీ ఒకే బల్ల. నీళ్ళలోకి దిగే రాతిమెట్ల దగ్గర ఈతకొట్టి వస్తే ఇద్దరికీ కలిపి ఒకే తువ్వాలు. ఫోను పెట్టేశాక కుర్చీలో కూలబడ్డాను. స్టవ్ మీద టీ కెటిల్ కూసి కూసి నీళ్ళన్నీ ఇగిరిపోయేదాకా లేవలేదు.

జరిగింది చెబుతాను. అరవై రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మా వీధి ఆడవాళ్ళు పుస్తకాలు చదివింది తక్కువ, దండేలు చదివింది ఎక్కువ. ఎవరి మొగుడు ఏ ఓడ మీద పనిచేశాడో సోమవారం ఆరేసిన బట్టలు చెప్పేసేవి. పచ్చటి మరకైతే గంధకం ఓడ. ఎర్రటిదైతే ఓడ అడుగుకి రంగు వేసే పని. గోధుమపిండి బస్తాలు మోసినవాడి చొక్కా అట్టకట్టి ఉండేది. అన్నిటికన్నా మొండిది నల్లపొడి. టైర్ల తయారీ కోసం బస్తాల్లో వచ్చేది. ఒంటికి పట్టింది కిరసనాయిలు పెట్టి తోమితే వదులుతుంది గానీ, గుడ్డకి పట్టిందంటే ఇక అంతే సంగతులు.

దండేనికీ ఒక మర్యాద ఉండేది. బయటి తాళ్ళ మీద దుప్పట్లు ఆరేయాలి. మధ్య తాడు మీద లోపలి బట్టలు, చిరుగులవి, నలుగురికీ చూపించకూడనివి. రెండు దుప్పట్ల మధ్య ఏముందో తొంగి చూడకూడదు, కంటపడినా పడనట్టుండాలి.

పాయింట్‌లో పాపాలు రెండే రెండు. ఒకటి, సమ్మె రోజుల్లో పనికి వెళ్ళడం. రెండోది, చాడీ చెప్పడం. తాగొచ్చు, కొట్టుకోవచ్చు, ఓడలోంచి ఉన్ని గుడ్డ చొక్కా కింద చుట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు, చర్చిలో ఫాదర్ దగ్గర ఒప్పుకుంటే సరిపోయేది. ఆ రెండిటికీ మాత్రం క్షమాపణ లేదు. ద్రోహికి వేసే శిక్షని మేం 'రోడ్డు మారడం' అనేవాళ్ళం. ఆ మనిషి ఎదురొస్తే తిట్టరు, కొట్టరు. పల్లెత్తు మాట అనకుండా రోడ్డు దాటి, ఎదురు పేవ్‌మెంట్ ఎక్కి, వీపు తిప్పుకుని నిలబడతారు. ఆడవాళ్ళూ అంతే, పిల్లలూ అంతే.

నాకప్పుడు పన్నెండేళ్ళు. మాది పన్నెండో నంబరు ఇల్లు, టాన్సీలది పద్నాలుగు. మధ్యలో ఒక చెక్క కంచె. మా అమ్మకి క్షయ సోకి, కొండల్లో ఉన్న ఆస్పత్రిలో చేరి ఐదు నెలలైంది. నాన్న పేరు క్లారీ హానన్. యూనియన్ కమిటీ మనిషి, నోరు తెరిస్తే రేవు ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకి వినిపించేది. బెర్ట్ టాన్సీ మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. సమ్మె మొదలయ్యాక రోజూ తెల్లవారుజామున ఒంటరిగా చిన్న పడవేసుకుని చేపలకి పోయేవాడు. తెచ్చిన చేపల్లో సగం మా వంటింటి గడప మీద పెట్టేవాడు. ఆయన భార్య ఎఫీ ఆంటీ. నాకు జడ వేసింది ఆమే, జ్వరం వస్తే పక్కన కూర్చుంది ఆమే. రోమా వాళ్ళ ఒక్కగానొక్క కూతురు.

సమ్మె ఆరో వారంలో పడింది. రేవంతా ఓడలు కదలకుండా నిలబడిపోయాయి, అవతలి పాయలో ఉన్న నల్లపొడి ఓడ తప్ప. లారీల్లో టార్పాలిన్ కింద దాచి మనుషుల్ని తెచ్చి ఆ సరుకు దింపిస్తున్నారని వీధిలో అందరికీ తెలుసు. ఆ మనుషులెవరో తెలియక అందరూ పళ్ళు నూరుకుంటున్నారు.

సోమవారం మధ్యాహ్నం కూరకి చోకో కాయలు కోయడానికి మా పెరటి మరుగుదొడ్డి రేకుల మీదికి ఎక్కాను. తీగంతా అక్కడే అల్లుకునేది. దక్షిణపు గాలి ఒక్క ఊపున వచ్చింది. టాన్సీల దండెం మీది దుప్పటి పైకి లేచింది. మధ్య తాడు మీద ఒక ప్యాంటు. మోకాళ్ళ నుంచి కింది దాకా నలుపు. దుప్పటి మళ్ళీ పడిపోయింది.

చూసినా చూడనట్టుండాలి అన్నానా? ఉండలేకపోయాను. కాయలు అక్కడే పడేసి మిసెస్ డగన్ కొట్టుకి పరుగెత్తాను. కొట్టు నిండా ఆడవాళ్ళున్నారు, అప్పు మీద బ్రెడ్డు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు.

"ఏమే డల్సీ, మీ నాన్న ఏమంటున్నాడు? ఈ వారమైనా తెమిలేటట్టుందా?" అంది మిసెస్ డగన్.

"నాకేం తెలుసు. టాన్సీ వాళ్ళ దండెం మీద మాత్రం నల్ల ప్యాంటు ఉంది."

బ్రెడ్డు కోస్తున్న కత్తి ఆగింది. "ఎలాంటి నలుపే?"

"నల్లపొడి నలుపు."

"ఒసేయ్, ఆ మాట ఊరికే అనకూడదే. కళ్ళారా చూశావా?"

"ఒట్టు. మధ్య తాడు మీద దాచారు."

"బెర్ట్ టాన్సీయా?" అని ఒకావిడ నోరు వెళ్ళబెట్టింది. "రోజూ చీకటితోనే పడవేసుకుని పోతుంటే చేపలకనుకున్నాం!"

"చేపలా? మన నెత్తిన టోపీ!" అంది ఇంకొకావిడ. మిసెస్ డగన్ అప్పటికే ఏప్రన్ ముడి విప్పుతోంది. నన్ను కౌంటరు మీద కూర్చోబెట్టి, చేతిలో పిప్పరమెంటు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చెప్పించారు. రెండోసారి ఇంకా బాగా చెప్పాను. అమ్మ ఆస్పత్రిలో చేరాక నన్ను అంతమంది పెద్దవాళ్ళు ఒకేసారి చూడటం అదే మొదలు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషంగా ఉంది.

సాయంత్రం నాన్నకీ అంతే గొప్పగా చెప్పాను. ఆయన బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు తలెత్తకుండా.

"అందరికీ!"

కత్తి కింద పెట్టి, కుళాయి తిప్పి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడుక్కున్నాడు. గోళ్ళ సందుల్లో బ్రష్షు పెట్టి తోముకున్నాడు. నన్ను మెచ్చుకుంటాడని కాచుకుని కూర్చున్నాను, ఆయన నా వైపు చూడనేలేదు.

బుధవారం యూనియన్ హాల్లో సమావేశం పెట్టారు. అక్కడ జరిగింది వీధంతా చెప్పుకుంది. బెర్ట్‌ని నిలబెట్టి, "ఆ ప్యాంటు నీదేనా?" అని అడిగారట. "నేను చెప్పేదేమీ లేదు," అన్నాడట. కాదంటే మరి ఎవరిదని అడుగుతారు కదా. మూడుసార్లు అడిగినా మూడుసార్లూ అదే మాట. యూనియన్ కార్డు లాక్కుని, రోడ్డు మారాలని చేతులెత్తించారు. అందరి చేతులూ లేచాయి. కమిటీ బల్ల దగ్గర కూర్చున్న మా నాన్న చెయ్యి కూడా లేచింది.

గురువారం పెరట్లో ఉంటే ఎఫీ ఆంటీ కంచె దగ్గరికి వచ్చింది. నన్ను చూసి ఎప్పట్లాగే నవ్వింది. న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం కంచె మీదుగా అందించింది.

"ఇది మీ నాన్నకియ్యి బంగారం. మరక పోలేదని చెప్పు. సోడా వేసి ఉడకబెట్టాను, నిమ్మకాయ రుద్దాను. నా వల్ల కాలేదు."

ఆమె లోపలికి వెళ్ళగానే విప్పి చూశాను. నల్ల ప్యాంటు. కుడి మోకాలి దగ్గర చారల పరుపు గుడ్డతో వేసిన మాసిక. నల్లదారం లేక అమ్మ ఎర్రదారంతో కుట్టింది, ఆస్పత్రికి వెళ్ళే ముందు రోజు. సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది నేనే.

నాన్న వచ్చాక పొట్లం చూసి నేలకేసి చూశాడు. బట్టలు ఉడకబెట్టే రాగి బాన కింద పొయ్యి వెలిగించి, ప్యాంటు ఆ మంటలోకి తోసేశాడు.

"మూడు రోజులే వెళ్ళాను డల్," అన్నాడు. "మీ అమ్మ మందులకి. మన దండెం మీద వేస్తే చూస్తారని, ఉతికి వాళ్ళ దుప్పట్ల మధ్య ఆరేయమని ఎఫీ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను."

ఎర్రదారం కాలిపోయేదాకా నేను పొయ్యిలోకే చూశాను.

"బయటపడితే మీ అమ్మని చూడ్డానికి ఎవరొస్తారు? నిన్ను ఎవరు గడప తొక్కనిస్తారు? నువ్వేం చూడలేదు. తెలిసిందా?"

మరి రోమాని ఎవరు తొక్కనిస్తారు నాన్నా, అని అడిగానని చెప్పుకోవాలని ఉంది. అడగలేదు. తెలిసింది అన్నట్టు తలూపాను.

మర్నాడు పొద్దున ఎప్పట్లాగే రోమా బడిసంచి తగిలించుకుని మా గుమ్మం ముందుకొచ్చి, "డల్, రావే, ఆలస్యమవుతోంది!" అని కేకేసింది. వీధిలో అందరూ గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. నేను తలుపు తీసుకుని బయటికొచ్చి, దాని ముందు నుంచే నడిచి, రోడ్డు దాటి, ఎదురు పేవ్‌మెంట్ ఎక్కి వీపు తిప్పాను. మా వీధిలో టాన్సీలకి మొట్టమొదట రోడ్డు మారింది నేనే. ఛీ, ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ ఒంటి మీద చర్మం మరొకరిదైతే బాగుండుననిపిస్తుంది.

తొమ్మిదేళ్ళు. బెర్ట్‌కి రేవులో పని లేదు, సబ్బు ఫ్యాక్టరీ బాయిలర్ల దగ్గర బొగ్గు ఎత్తాడు. ఎఫీ ఆంటీ రోజూ పొద్దున గుమ్మం కడిగి, వీధిలో పోయే ప్రతి వీపుకీ "గుడ్ మార్నింగ్" చెప్పేది. ఒక్కరంటే ఒక్కరు పలికేవారు కాదు. మర్నాడు మళ్ళీ చెప్పేది. ఏడాదికి అమ్మ నయమై ఇంటికొస్తే, "ఒళ్ళెలా ఉంది వదినా?" అని ఆశగా అడిగింది. ఏమీ తెలియని అమ్మ, ఆమె దాచిన ప్యాంటు డబ్బులతో మందులు తిని బతికిన అమ్మ, రోడ్డు దాటింది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నాను. రోమా పదిహేడేళ్ళకే ఇల్లొదిలి మెల్‌బోర్న్ వెళ్ళిపోయింది. తర్వాత నాలుగేళ్ళకి బెర్ట్ పోతే శవం వెంట నడవడానికి ఎఫీ, రోమా తప్ప ఎవరూ లేరు. మా నాన్న కిటికీ తెర వెనక నిలబడి చూశాడు. ఆయన పోయినప్పుడు మాత్రం పెట్టె మీద యూనియన్ జెండా కప్పారు. నాలుగు వీధుల జనం వచ్చారు.

ఇన్ని తెలిసి ఆ ఇంటి ముందు నిలబడి జోకులెలా వేశావే అని మీరడుగుతారు. నేనూ అడుగుతుంటాను. మొదటి ఏడాది నడకలో ఎవరో ఆ గడప రాయి మీద, ద్రోహి గుర్తుగా వీధివాళ్ళు అప్పట్లో చెక్కిన అడ్డగీత చూసి ఇదేమిటన్నారు. ద్రోహి ఇల్లన్నాను. అందరూ దగ్గరికి జరిగారు. ఆ చూపు నాకు తెలుసు, కౌంటరు మీద కూర్చున్న నాటి చూపే. అంతే, మళ్ళీ నోరు ఆగలేదు. 'చేపలకని పోయి ఓడని పట్టుకొచ్చాడు' అనే జోకు నాదే. ప్రతి ఆదివారం దానికే పెద్ద నవ్వు.

ఈ ఆదివారం నడకకి పద్నాలుగు మంది వచ్చారు. ఫెర్రీలోంచి చివరగా దిగింది రోమా. చేతికర్ర, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, వాళ్ళమ్మ నవ్వే. నేను పారిపోయే దారి వెతుక్కునేలోపే వచ్చి నన్ను గట్టిగా కావలించుకుంది.

"ఒసేయ్ డల్! ముసలిదానివైపోయావే!"

"నువ్వేమన్నా పెళ్ళికూతురిలా ఉన్నావా?" అన్నాను. నా నోరు అలాంటిది, గుండె గొంతులో కొట్టుకుంటున్నా పలుకుతుంది.

నవ్వింది. మిగతావాళ్ళు ముందు నడుస్తుంటే నా మోచెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "ఎందుకొచ్చానో చెప్తా విను. అమ్మ పోయే ముందు ఒక మాటంది. ఆ ప్యాంటు మీ నాన్నది కాదే అని. మరెవరిదమ్మా అంటే నోరు విప్పలేదు. చాడీ చెప్పనంది, చావుమంచం మీద కూడా! నాన్న నిజంగానే వెళ్ళాడనుకున్నానే నేను. అందుకే ఇల్లొదిలిపోయా. ఆయన రాసిన ఉత్తరాలు చించి పారేశా. ఆయనతో సరిగ్గా మాట్లాడకుండానే మట్టిలో పెట్టొచ్చా." కర్ర మీద రెండు చేతులూ వేసి ఆగింది. "పలక సంగతి మీ సంఘం కాగితంలో చూశా. నువ్వు ఈ వీధి చరిత్రంతా తవ్వినదానివి కదా. ఎవరిదో నీకేమన్నా తెలిసిందా?"

"ముందు నడక కానియ్యి," అన్నాను.

"సరేలే. నీ మీద నాకేం లేదు డల్. నువ్వప్పుడు చిన్నదానివి, పెద్దవాళ్ళు చెప్పినట్టు చేశావు." అని నా చెయ్యి నిమిరింది. నన్ను చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు.

సబ్బు ఫ్యాక్టరీ దగ్గర ఏం చెప్పానో, రాతిమెట్ల దగ్గర ఏం చెప్పానో నాకు గుర్తులేదు. నవ్వాల్సిన చోట్ల ఎవరూ నవ్వలేదు. క్యాప్‌స్టన్ వీధిలోకి తిరిగేసరికి జూలియన్ గుమ్మం ముందు తయారుగా ఉన్నాడు. గోడకి పలక, పలక మీద నీలం గుడ్డ, పక్కన చిన్న బల్ల మీద వైన్ గ్లాసులు. రోమా గడప రాయి వైపు చూస్తోంది. వాళ్ళమ్మ రోజూ కడిగిన రాయి.

"డల్సీ గారూ, మీ కథ చెప్పి గుడ్డ లాగేయండి!" అన్నాడు జూలియన్.

గుడ్డ అంచు పట్టుకున్నాను. లాగేస్తే చాలు, ఇత్తడి అబద్ధం నేను పోయాక కూడా వందేళ్ళు ఉంటుంది. రోమా ఎప్పటికీ కనిపెట్టే దారి లేదు, తెలిసినవాళ్ళలో బతికున్నది నేనొక్కదాన్నే. ఆ క్షణంలో లాగేద్దామనే అనుకున్నాను. ఆ మాట దాచను. కానీ రోమా నన్ను చూసి చిన్నగా తలూపింది, భయపడకు, కానియ్యి అన్నట్టు. దానితో నా వేళ్ళు సడలిపోయాయి.

"ఈ పలక మీద రాసింది అబద్ధం," అన్నాను. "రాసింది నేనే. బెర్ట్ టాన్సీ ఏ ఓడకీ వెళ్ళలేదు. రోజూ చేపలకే వెళ్ళాడు, సగం మాకే పెట్టాడు. ఆ ప్యాంటు మా నాన్న క్లారీ హానన్‌ది. దండెం చూసి చాడీ చెప్పింది నేను. మూడో రోజుకే నాకు నిజం తెలుసు. మాసిక చూసి గుర్తుపట్టాను. అరవై రెండేళ్ళు నోరు మూసుకున్నాను. ఊరికే మూసుకోలేదు, ఇక్కడ నిలబడి ఆ మనిషి మీద జోకులేసి మిమ్మల్ని నవ్వించాను."

తర్వాత ఎవరో ఒకాయన చప్పట్లు కొట్టాడు. వెంటనే అందరూ కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ నా భుజం తట్టి, "ఎంత ధైర్యమండీ మీకు!" అంది. ఇంకొకావిడ ఫోన్‌లో మళ్ళీ చెప్పమంది, మొదట్లో రికార్డు కాలేదట.

"అద్భుతం డల్సీ గారూ!" అన్నాడు జూలియన్. కళ్ళు మెరుస్తున్నాయి. "ఇది ఇంకా మంచి కథ! పలక మళ్ళీ చేయిద్దాం, ఈసారి రెండు ఇళ్ళకీ!"

ఓరి దేవుడా! నేను చేసిన పనికి నా వీధి నన్నేం చేసి ఉండేదో వీళ్ళలో ఒక్కరికీ తెలియదు. నాకు వైన్ గ్లాసు అందిస్తున్నారు. నన్ను వెలివేయడానికి మిసెస్ డగన్ లేదు, కమిటీ లేదు, గుమ్మాల్లో నిలబడే ఆడవాళ్ళు లేరు. అందరూ పోయారు, లేదా అమ్ముకుని వెళ్ళిపోయారు. చప్పట్ల మధ్య తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జనాన్ని తప్పించుకుంటూ రోమా దగ్గరికి వెళ్ళాను. దాని మొహం తెల్లగా పాలిపోయి ఉంది. చించేసిన ఉత్తరాలు తలుచుకుంటోందని నాకు తెలుసు.

"రోమా," అన్నాను. "తిట్టవే. ఏదో ఒకటి అను."

నా కళ్ళలోకి చూసింది. ఆ తర్వాత కర్ర ముందు పెట్టి పేవ్‌మెంట్ దిగింది. అటూ ఇటూ చూసుకుని, నిదానంగా రోడ్డు దాటింది. ఎదురు పేవ్‌మెంట్ ఎక్కింది. నా వైపు వీపు తిప్పి, నీళ్ళకేసి చూస్తూ నిలబడింది.

"ఆవిడకి ఎండ తగిలినట్టుంది, నీళ్ళివ్వనా?" అన్నాడు జూలియన్. "ఇంతకీ ఎవరండీ ఆవిడ?"

"మా వీధి మనిషి," అన్నాను.

చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాను. గడప రాయి మీద నిలబడి, ఎఫీ ఆంటీ నిలబడినట్టే నిలబడి, రోడ్డు అవతలికి వినిపించేలా, "గుడ్ మార్నింగ్, రోమా," అన్నాను. అది పలకలేదు.